పొలమారిన వేళ

తెలుగు ఇండ్లలో భోజనాల వేళ ఎవరికైనా పొలమారితే పక్కనున్న పెద్దవారు నడినెత్తిన అరచేతితో మెల్లగా తట్టి, "ఎవరో తలచుకొంటున్నారు" అంటారు. అత్తవారింట ఉన్న కూతురో, పట్నంలో చదువుకొంటున్న మనుమడో అని ఒక పేరు కూడా జతచేస్తారు. దగ్గు ఆగుతుంది, ఆ మనిషి గుక్కెడు మంచినీళ్ళు తాగుతాడు, భోజనం సాగిపోతుంది. గొంతులో పడిన చిన్న చిక్కును దూరాన ఉన్న ఆత్మీయుల స్మరణతో ముడివేసిన ఈ భావన ఎంతో అందమైనది. పెద్దవారి విషయంలో దీనివల్ల వచ్చే నష్టం కూడా లేదు.

పసిపిల్లల విషయంలో మాత్రం ఈ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. పొలమారిన పెద్దవాడు తాను ఏమి తిన్నాడో చెప్పగలడు. రెండేండ్ల బిడ్డ చెప్పలేడు. ఆ దగ్గుకు కారణం అన్నం మెతుకో, చింతగింజో, ఆటబొమ్మలోనుండి ఊడిన బ్యాటరీ బిళ్ళయో చూచినవారు చెబితే తప్ప తెలియదు. పైగా దగ్గు ఆగినంత మాత్రాన లోపల పడినది బయటికి వచ్చిందని అర్థం కాదు. ఈ సంగతి తెలియనందువల్ల దినాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, లేని జబ్బుకు మందులు తాగే పిల్లలు ఉన్నారు.

గొంతులో రెండు దారులు ఉన్నవి. ముందువైపున ఉన్నది గాలి పోయే శ్వాసనాళం. దాని వెనుక ఉన్నది అన్నపానాలు పోయే అన్నవాహిక. పైన మాత్రం ఈ రెండింటికీ ఉన్న ముంగిలి ఒక్కటే. మనిషి మింగిన ప్రతిసారీ శ్వాసనాళపు మూతి పైకి లేచి నాలుక మొదలు కిందికి ఒదుగుతుంది. ఉపజిహ్విక అనే చిన్న మూత దానిపై వాలుతుంది. స్వరతంత్రులు ఒకదానికొకటి చేరువై దారిని మూస్తవి. ఆ క్షణకాలం ఊపిరి ఆగుతుంది. దినానికి కొన్ని వందలసార్లు జరిగే ఈ కార్యం ఎవరి దృష్టికీ రాదు. నవ్వుతూనో, ఏడుస్తూనో, పరుగెత్తుతూనో తినే వేళ మింగడమూ గాలి పీల్చడమూ ఒకే క్షణంలో తటస్థించినప్పుడు మాత్రం కావలి తప్పుతుంది. మెతుకు గాలిదారి పడుతుంది. వెంటనే దగ్గు వచ్చి దానిని వెలుపలికి నెడుతుంది. పొలమారడం అంటే ఇంతే. తినేటప్పుడు మాట్లాడకూడదని పెద్దలు పెట్టిన కట్టడి మర్యాద కోసమే పెట్టినది అనుకొంటారు గాని, దానిలో శరీరశాస్త్రం కూడా ఉన్నది.

పసిబిడ్డలో ఈ కావలి ఇంకా బలహీనం. మొదటి దవడపండ్లు ఏడాది దాటిన తరువాత గాని రావు; రెండవ జత వచ్చేసరికి రెండేండ్లు దాటుతుంది. అంతవరకు బిడ్డ ముందరిపండ్లతో కొరకగలడే గాని నూరలేడు. వేరుశనగపప్పును బద్దలుగా విరిచి, ఆ బద్దను అట్లే గొంతులోకి జార్చుకొంటాడు. అతని శ్వాసనాళమా, ఇంచుమించు అతని చిటికెన వ్రేలంత. గొట్టపు వ్యాసం సగానికి తగ్గితే దానిలోని ప్రవాహానికి నిరోధం 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. పెద్దవారికి ఇబ్బందిగా మాత్రమే ఉండే అడ్డు పసివానికి ప్రాణాంతకం కావడంలోని రహస్యం ఇదే.

వీటికి తోడు బిడ్డకు నోరే మొదటి పరిశోధనశాల. చేతికందిన ప్రతి వస్తువునూ నోట పెట్టి దాని మెత్తదనాన్ని, గట్టిదనాన్ని, రుచిని తెలుసుకొంటాడు. ఇది దుడుకుతనమని కొందరు చేతిమీద కొడతారు. అది అతడు బడికి పోకముందు చదివే చదువు. దానికి దండన తగదు, కావలి తగును.

శ్వాసనాళం రొమ్ములో రెండు కొమ్మలుగా చీలుతుంది. కుడి కొమ్మ ఎడమదానికంటె వెడల్పు. దాని వాలు కూడా ఎక్కువ నిటారు. అందుచేత పెద్దవారిలో జారిన వస్తువు చాలాసార్లు కుడివైపుకే పోతుంది. ఇందుకు చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ 1843లో ఇంగ్లండులో జరిగినది. గ్రేట్ వెస్టర్న్ రైలు మార్గాన్ని నిర్మించిన ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్డమ్ బ్రూనెల్ ఆ ఏప్రిల్‌లో తన పిల్లల వినోదం కోసం ఒక గారడీ చేయబోయి, అర్ధ సావరిన్ బంగారు నాణేన్ని నోటిలో పెట్టుకొన్నాడు. అది జారి కుడి శ్వాసశాఖలో చిక్కుకొన్నది. సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు సర్ బెంజమిన్ బ్రోడీ గొంతుకు కోత పెట్టి, లోపలికి పటకారు పంపి ప్రయత్నించినాడు. ఫలితం లేకపోయింది. చివరకు బ్రూనెల్‌ను ఒక బల్లకు కట్టి తలకిందులుగా వంచినారు. మే 13వ తేదీన నాణెం దగ్గుతో బయటపడింది. ఇంచుమించు ఆరు వారాలు ఒక మహా నిర్మాత ప్రాణం ఒక చిల్లర నాణెం మీద ఊగిసలాడింది.

ఈ కథలో గమనింపదగినవి రెండు అంశాలు. పిల్లలను నవ్వించడానికి నాణేన్ని నోట పెట్టుకొన్నది ఒక పెద్దవాడు. పెద్దలు చేసినదే పిల్లలు చేస్తారు. పిన్నీసును పంట కరచి పట్టుకొని చీర కుచ్చిళ్ళు సర్దుకొనే తల్లిని బిడ్డ చూస్తూనే ఉంటాడు. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఎక్స్‌కిరణాలను రోంట్జెన్ కనుగొన్నది 1895లో. అంతకు 52 సంవత్సరాల ముందు, రొమ్ము లోపల ఏమున్నదో చూడగల సాధనమే లేని కాలంలో, వైద్యులు ఆ నాణెం కోసం వెదకగలిగినారు. ఏమి మింగినదీ, ఎప్పుడు మింగినదీ రోగి తన నోటితో చెప్పినాడు గనుక. అదే ప్రమాదం అతని ఒడిలోని బిడ్డకు జరిగి, చూచినవారు ఎవరూ లేకపోతే, కథ వేరుగా ముగిసి ఉండేది.

తరువాతి కాలంలో సాధనాలు వచ్చినవి. 1897లో జర్మనీ దేశంలోని ఫ్రైబర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసశాఖలో చిక్కిన ఎముక ముక్కను, కోత లేకుండా, నోటి ద్వారా పంపిన గొట్టంతో బయటికి తీసినాడు. బ్రాంకోస్కోపు వైద్యానికి అది నాంది. ఆ విద్యను పసిపిల్లలకు అందుబాటులోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు అమెరికాకు చెందిన షెవలియర్ జాక్సన్. 1865లో పిట్స్‌బర్గ్‌లో జన్మించి, 1958లో మరణించిన ఈ వైద్యుడు గొట్టం చివర చిన్న దీపం అమర్చినాడు. సన్నని పటకారులను తానే రూపొందించినాడు. గొంతులనుండి, ఊపిరితిత్తులనుండి తాను తీసిన వస్తువులను జాగ్రత్తగా భద్రపరచినాడు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో నేడు ఆయన సేకరణగా ఉన్న వస్తువుల సంఖ్య 2,374. వాటిలో గుండుసూదులు, పిన్నీసులు, గుండీలు, నాణేలు, మేకులు, ఎముకలు, గింజలు ఉన్నవి. ఆటబొమ్మల బైనాక్యులర్లు ఉన్నవి. బడికి ఒక్కనాడు కూడా మానకుండా హాజరైనందుకు ఇచ్చే బిళ్ళ కూడా ఒకటి ఉన్నది. ఇండ్లలో, బడులలో నిత్యం కనబడే సామాన్య వస్తువులే ఆ సొరుగులను నింపినవి.

జాక్సన్ వైద్యలోకానికి నేర్పిన పాఠం పరికరాల వాడుకతో ముగియలేదు. ఉబ్బసంలా వినిపించే ప్రతి పిల్లికూతా ఉబ్బసం కాదని వైద్యులను హెచ్చరించినవాడు ఆయనే. ఇండ్లలో శుభ్రతకు వాడే క్షారాన్ని తెలియక తాగి, అన్నవాహిక కాలి పూడుకొని, మంచినీటి చుక్క కూడా మింగలేని పిల్లలను ఆయన ఎందరినో చూచినాడు. వారి గొంతులను విప్పడంతో తృప్తిపడక, ఆ డబ్బాలపై విషమని ముద్రించవలెనని ఏండ్ల తరబడి పోరాడినాడు. తత్ఫలితంగా 1927లో అమెరికాలో చట్టం వచ్చింది. చికిత్స ఎంత గొప్పదైనా, ప్రమాదం జరగకుండా చూడడం అంతకంటె గొప్పదని ఆయన జీవితమే సాక్ష్యం.

ఇక తెలుగు ఇండ్ల సంగతి. ఫిలడెల్ఫియా సొరుగులలో పిన్నీసులు ఎక్కువగా కనబడితే, భారతదేశంలో పిల్లల శ్వాసమార్గాలనుండి వైద్యులు తీసేవాటిలో వేరుశనగపప్పు ముందు నిలుస్తుందని ఇక్కడి ఆస్పత్రుల నివేదికలు పలుమార్లు చెప్పినవి. అనంతపురం మొదలైన మెట్ట జిల్లాలకు జీవనాధారమైన పంట అది. బండిమీద వేయించే కాయలు, ఇంట చేసే చిక్కి, పులిహోరలో పప్పులు, అన్నింటా అదే. పుట్నాలు, జీడిపప్పు పలుకులు, సీతాఫలపు గింజలు, రేగుగింజలు దాని తరువాతి వరుస. వామనగుంటలకు, అష్టాచెమ్మాకు దాచుకొన్న చింతగింజలు, గవ్వలు, తెగిన దండలోని పూసలు, అరిగిన బలపపు ముక్కలు, కలాల మూతలు కూడా ఈ జాబితాలోనివే. అక్క ఆటవస్తువు తమ్ముని గొంతుకు గండం కావడానికి రెప్పపాటు చాలు.

వేరుశనగపప్పుకు మూడు దుర్గుణాలు ఉన్నవి. తడికి ఉబ్బుతుంది. దానిలోని నూనె శ్వాసనాళపు పొరను వాచేటట్లు చేస్తుంది. అన్నిటికంటె మోసకరమైనది మూడవది: నాణెం వలె అది ఎక్స్‌రే పటంలో కనబడదు. పటం చూచి ఏమీ లేదని ఇంటికి పోయినవారి బిడ్డ ఊపిరితిత్తిలో అది నిక్షేపంగా ఉండవచ్చు.

వైద్యులు ఈ ప్రమాదంలో మూడు దశలు చెబుతారు. మొదటిది హఠాత్తుగా వచ్చే తీవ్రమైన దగ్గు, ఉక్కిరిబిక్కిరి. రెండవది నిశ్శబ్దం. వస్తువు లోపలి కొమ్మలో ఒకచోట కుదురుకొంటుంది, దగ్గు తగ్గుతుంది, బిడ్డ ఆడుకొంటాడు, ఇంటిల్లిపాదీ గండం గడిచిందని ఊపిరి పీల్చుకొంటారు. మూడవ దశలో జ్వరం, ఒకవైపు పిల్లికూతలు, మాటిమాటికీ వచ్చే న్యుమోనియా. అప్పటికి ఆనాటి దగ్గును అందరూ మరచిపోయి ఉంటారు. మందులకు తగ్గినట్లే తగ్గి మళ్ళీ వచ్చే ఆ జబ్బుకు మూలం ఎక్కడున్నదో వైద్యునికి తెలియజేయగలది యంత్రం కంటె ముందు ఒక మాట: "ఫలానా దినం పప్పులు తింటూ ఉండగా హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరి అయినాడు."

ఆ మాట చెప్పవలసినది ఎవరు? తరచుగా ఒక చిన్న సాక్షి. తల్లి వంటింట, తండ్రి పొలాన ఉండగా చంటివానిని ఎత్తుకొన్నది ఏడెనిమిదేండ్ల అక్కో, అన్నో. ఆ పప్పు తమ్ముని నోట పెట్టినది కూడా ప్రేమతో వారే కావచ్చు. చెబితే దెబ్బలు పడతవని వారికి తెలుసు. అందుచేత నోరు మెదపరు. మాటలు వచ్చిన బిడ్డ కూడా తాను చేసినదానికి తిట్లు తప్పవని తెలిస్తే దాచిపెడతాడు. ఇట్లు ఇంటిలోని భయం బిడ్డ లోపలి వస్తువుకు కాపలా కాస్తుంది.

భాగవత దశమస్కంధంలోని మన్నుతిన్న కథను ఈ దృష్టితో మరొకసారి తలచుకోవచ్చు. కృష్ణుడు మన్ను తిన్నాడని యశోదకు చెప్పినవారు పెద్దలెవరూ కారు. బలరాముడు మొదలైన తోటి పిల్లలు. నిలదీసి అడిగేసరికి బాలుడు కాదన్నాడు, చెప్పినవారు అబద్ధమాడినారన్నాడు. తల్లి అంతటితో విడిచిపెట్టలేదు, నోటిలోకి చూచింది. ఆ నోట బ్రహ్మాండం కనబడడం భక్తుల భాగ్యం. లోకరీతిని చూచినా అందులో తెలుసుకోదగినవి ఉన్నవి: చూచిన పిల్లలు వచ్చి చెప్పగలిగినారు, తల్లి వారి మాట చెవిని పెట్టింది, బిడ్డ కాదన్నా పరీక్షించింది. ఈ మూడూ నేటి ఇంటిలోనూ జరగవలసినవే.

నేటి కాలం ఈ పాత గండానికి ఒక కొత్త రూపం ఇచ్చింది. గడియారాలలో, రిమోట్లలో, వెలిగే బొమ్మలలో, పాడే శుభాకాంక్ష పత్రాలలో మెరిసే గుండ్రని బ్యాటరీ బిళ్ళలు ఉంటున్నవి. అది అన్నవాహికలో చిక్కుకొంటే తడి పొరల మధ్య విద్యుత్తు ప్రవహించి అక్కడ క్షారం పుడుతుంది. రెండు గంటల వ్యవధిలోనే తీవ్రంగా కాల్చగలదు. ఒక శతాబ్దం క్రిందట జాక్సన్ ఏ క్షారంతో పోరాడినాడో, ఆ క్షారమే నేడు బొమ్మ పొట్టలో దాగి ఇంటికి వస్తున్నది. బలమైన అయస్కాంతపు గుళ్ళు రెండు మింగితే అవి పేగుల మడతల మధ్య ఒకదానినొకటి పట్టుకొని, నడుమ చిక్కిన గోడను తొలిచివేయగలవు. ఈ రెండింటి విషయంలో మలంతో పోతుందేమోనని వేచి చూడడం కూడదు. అనుమానం కలిగిన క్షణమే ఆస్పత్రికి పోవలె. కడుపులోకి దిగిన నాణెం చాలాసార్లు తానే బయటికి పోతుంది. అయినా అది ఎక్కడ ఆగిందో ఎక్స్‌రే తీయించి తెలుసుకోవడం అవసరం. అరటిపండు తినిపించి, అన్నపు ముద్ద మింగించి కిందికి నెట్టాలనుకోవడం, వేలు పెట్టి వాంతి చేయించడం హానికరమైన పద్ధతులు.

గాలిదారి మూసుకొన్న వేళ చేయవలసినది ప్రతి ఇంటా ఒక్కరికైనా తెలిసి ఉండవలె. బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడవగలుగుతూ ఉంటే గాలి ఆడుతున్నదని గుర్తు. అప్పుడు దగ్గనివ్వవలె, పక్కనే ఉండి కనిపెట్టవలె. దగ్గులో శబ్దం లేకపోయినా, ఏడుపు రాకపోయినా, పెదవులు నీలివర్ణానికి తిరుగుతున్నా ఒక్క క్షణం కూడా ఆలస్యం కూడదు. ఒకరు 108కి ఫోను చేస్తూ ఉండగా మరొకరు పని ప్రారంభించవలె. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచవలె. అడ్డు తొలగకపోతే, బిడ్డ వెనుక నిలిచి లేదా మోకరిల్లి, బొడ్డుకు పైన, పక్కటెముకలకు దిగువన పిడికిలి ఉంచి, రెండవ చేతితో దానిని పట్టుకొని లోపలికీ పైకీ 5 సార్లు నొక్కవలె. పొట్టపై నొక్కే ఈ పద్ధతిని 1974లో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్. వస్తువు బయటపడే వరకు ఈ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా చేస్తూ ఉండవలె.

ఏడాది నిండని శిశువుకు పొట్టపై ఎన్నడూ నొక్కరాదు. తల రొమ్ముకంటె కిందికి ఉండేటట్లు ముంజేతిపై బోర్ల పడుకోబెట్టి, దవడను వ్రేళ్ళతో ఆనించి పట్టుకొని, వీపుపై 5 సార్లు చరచవలె; పిమ్మట వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ ఎముకపై 5 సార్లు నొక్కవలె. బిడ్డ స్పృహ తప్పితే గట్టి నేలపై పడుకోబెట్టి, గుండెను నొక్కుతూ నోటితో శ్వాసనిచ్చే ప్రథమ చికిత్స మొదలుపెట్టవలె. నోటిలో వస్తువు కంటికి కనబడితేనే తీయవలె. కనబడనిదానికోసం వేలు పెట్టి వెదికితే అది మరింత లోపలికి పోతుంది. గండం గడిచిన తరువాత కూడా వైద్యునికి చూపడం విధి. ఈ పద్ధతులు చదివినంత మాత్రాన చేతికి రావు. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తున్నవి. ప్రతి పాఠశాలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులైనా దానిని అభ్యసించి ఉండడం సమంజసం.

ఉపాధ్యాయుడు తరగతిలో ఈ విషయం చెప్పదలిస్తే పాఠ్యోపకరణం విద్యార్థి చేతిలోనే ఉన్నది. అనేక కలాల మూతల కొన వద్ద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది సిరా ఆరడానికని, అందానికని పిల్లలు ఊహిస్తారు. పొరపాటున మూత గొంతులోకి పోతే కొంతైనా గాలి ఆడేటందుకు అటువంటి మార్గం ఉండవలెనని కలాల మూతలకు ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఎక్కడో ఒక బిడ్డకు ఎన్నడో ఒకనాడు కలుగగల ఆపదను తలచుకొని ఆ రంధ్రం పెట్టినారు. బిడ్డలను తలచుకోవడం అంటే ఇదీ ఒక పద్ధతి. అయిదేండ్ల లోపు పిల్లలకు పప్పులు నూరి పెట్టడం, ఆట ముగియగానే చింతగింజలు లెక్కపెట్టి డబ్బాలో పోయడం, బొమ్మ కొనేటప్పుడు బ్యాటరీ అర మరచీలతో బిగించి ఉన్నదా అని చూడడం ఆ కోవకు చెందినవే.

విద్యార్థులు దీనినుండి ఇంటికి తీసుకొనిపోవలసినది ఒక్క వాక్యం: చెల్లెలో తమ్ముడో ఏదైనా మింగడం కంటబడితే, తప్పు ఎవరిదైనా సరే, వెంటనే పెద్దలతో చెప్పవలె. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు అంతకంటె కష్టమైన కర్తవ్యం ఉన్నది. ఆ మాట చెప్పడానికి వచ్చిన బిడ్డను మొదట కోపగించకుండా వినడం. ఎవరు పెట్టినారు, ఎందుకు పెట్టినారు అనే విచారణకు తరువాత కావలసినంత వ్యవధి ఉంటుంది. ముందు తెలుసుకోవలసినది ఏమి మింగినాడు, ఎప్పుడు మింగినాడు అన్నదే.